గడియ వేశానా

ఇరవై తొమ్మిదో ఖాళీలో చెక్కముక్కను నిలబెట్టి, వేళ్లు వెనక్కి తీసుకున్నాక గానీ ఆయన ఊపిరి వదల్లేదు. ఇంకొక్క ఖాళీ మిగిలింది. మోకాళ్ల కింద మడతపెట్టిన పాత దుప్పటి, కళ్లజోడు జారకుండా మెడ వెనక కట్టుకున్న దారం, చెవి మీద వడ్రంగి పెన్సిలు. ఎడమచేతి చూపుడువేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోతుంది. మిగతాది ఎప్పుడో రంపం మిషన్ తీసేసుకుంది. ఆ మొండివేలితోనే ముక్కను వెనకనుంచి తాకి, నిటారుగా ఉందో లేదో చూసుకునేవాడు. కళ్లకంటే ఆ వేలినే ఎక్కువ నమ్మేవాడు.

ముప్పయ్యో ముక్క కూడా నిలబడింది. బయట ఇంకా పూర్తిగా తెల్లవారలేదు.

తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానాలో ఆయన పని బీడింగు కొయ్యడం. అద్దం చుట్టూ అంచున బిగించే సన్నటి చెక్కపట్టీని బీడింగు అంటారు. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే కోస్తూ ఉంటే చివరికి పేరు కూడా అదే అయి కూర్చుంది. పెద్దవాళ్లు బీడింగు అనేవాళ్లు, చిన్నవాళ్లు బీడింగు బాబాయ్ అనేవాళ్లు. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది, అక్కడ దాన్ని చూసి పలకరించేవాళ్లు లేరు.

లోకంలో ఒక్కొక్కడికి ఒక్కో పిచ్చి. కొందరు పావురాలను ఎగరేస్తారు, కొందరు పేకాటలో కొంప ముంచుకుంటారు. ఈయన పిచ్చి ఎవరినీ ముంచేది కాదు. రెండంగుళాల చెక్కముక్కలను ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబెట్టి, మొదటిదాన్ని వేలితో తోసి, అన్నీ పడుతుంటే చూడటం. అంతే. టకటకటకమని మొదలై, రేకుల మీద వాన దగ్గరపడుతున్నట్టు గదంతా నిండి, చివరి ముక్కతో ఠక్కున ఆగిపోయే ఆ చప్పుడు వింటే ఆయనకు వారమంతా కార్ఖానాలో మోసిన బరువు భుజాలమీంచి జారిపోయేది. నిలబెడుతున్నంతసేపూ ఇంకో ఆలోచన రాదు. అదొక సుఖం. పడుతున్నప్పుడు అసలు ఏ ఆలోచనా రాదు. అది ఇంకా పెద్ద సుఖం.

కార్ఖానాలో వేళాకోళం చేయనివాడు లేడు. పాలిష్ పని చేసే పొడుగాటి మనిషి, అందరికీ పాలిష్, ఆయన్ని చూస్తే చాలు మొదలుపెట్టేవాడు.

"బాబాయ్, మా బావమరిది వ్యాపారమూ ఇంతే. నిలబెట్టడానికి ఏడాది, పడ్డానికి నిమిషం. కాకపోతే నువ్వు నవ్వుతావు, వాడు ఏడుస్తాడు."

వేళాకోళం చేసిన నోటితోనే, మంచి చెక్క తుంపు కనిపిస్తే ఆయన బల్ల కింది రేకుడబ్బాలో వేసి పోయేవాడు.

వాళ్లెవరికీ తెలియని సంగతి ఒకటుంది. ప్రతి శనివారం మిషన్ ఆపేముందు, ఆ వారం మిగిలిన బీడింగులోంచో, డబ్బాలో పడ్డ తుంపులోంచో రెండంగుళాల ముక్క ఒకటి కోసి, ఉప్పుకాగితంతో రుద్ది, అడుగున పెన్సిలుతో ఒక మాట రాసేవాడు. కొలత రాసుకుంటున్నాడని అందరూ అనుకునేవారు. కొలత కాదు. ఆ వారం మొత్తం మీద మనసులో నిలిచిన మాట. 'వాన.' 'బడి కిటికీలు.' 'వేలు.' 'ఆవిడకి జ్వరం.' నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషి, చెప్పవలసినవన్నీ అలా చెక్క అడుగున దాచుకుంటూ వచ్చాడు. సెలవులు పోను, ముప్పై ఒక్క ఏళ్లకు పదిహేను వందల పైచిలుకు ముక్కలయ్యాయి.

వాటిలో ఒకదాని అడుగున 'పాప' అని ఉంది. ఇరవై ఆరేళ్ల కిందటిది. పాప పంతొమ్మిది రోజులు బతికింది. ఆ తరువాతి నాలుగు శనివారాలూ ముక్కలు కోశాడు గానీ వాటి మీద ఏమీ రాయలేదు. ఆ తరువాత ఆయనా, భార్యా ఆ మాట ఒకరి ముందు ఒకరు ఎత్తలేదు. ఆవిడ బాధపడుతుందని ఈయన, ఈయన బాధపడతాడని ఆవిడ. అలా ఇరవై ఆరేళ్లు.

ఎన్నో ఆదివారాలు, భార్య ఆసుపత్రి బట్టలు ఉతికే విభాగంలో డ్యూటీకి వెళ్లినప్పుడు, ఆయన నూరో రెండు నూర్లో నిలబెట్టి పడగొట్టి, ఆవిడ వచ్చేలోపు డబ్బాలో సర్దేసేవాడు. అన్నీ కలిపి నిలబెట్టడం ఇదే మొదటిసారి. ఎనిమిది నెలలు పట్టింది. పాప కోసమని ఒకప్పుడు రంగు వేయించిన ఈ చిన్నగదిలో, తలుపు దగ్గర మొదలై, గోడ పక్కన అడుగు మోపడానికి జానెడు దారి వదిలి, మెలికలు తిరిగి తిరిగి కిటికీ కింద ముగుస్తుంది వరస. ఈ వారం నుంచి వెనక్కి, వెనక్కి, ఆయన పనిలో చేరిన వారం దాకా.

యాభై ముక్కలకు ఒక ఖాళీ వదిలిపెట్టాడు. పిల్లి దూరినా, చెయ్యి తగిలినా యాభైతో ఆగిపోవాలని. ఆ ఖాళీలన్నీ పడగొట్టే రోజునే నింపాలి. ఇవాళ నింపాడు. ఇక ఆపేదేమీ లేదు. ఎక్కడ ఒక్కటి ఒరిగినా కథ కంచికే.

ఇవాళే ఎందుకంటే, రేపు పొద్దున మరదలు సామానుతో దిగుతుంది. ఆమెకు ఈ ఊరికి బదిలీ అయింది, ఈ గదిలోనే ఉంటుంది. సామాను సర్దడంలో సాయం చెయ్యడానికి, భార్య చీకటితోనే బయల్దేరి చెల్లెలి దగ్గరికి వెళ్లింది. వెళుతుంటే చెప్పాడు.

"సాయంత్రం ఆరింటికల్లా వచ్చెయ్. నువ్వే తొయ్యాలి."

"నేనా?" అంది ఆవిడ, చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఆగి. "ఎనిమిది నెలలుగా ఆ గదిలోకి తుమ్ము కూడా రానివ్వలేదు. ఇవాళ నన్ను తొయ్యమంటున్నారా? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. నువ్వు రా."

వరస పడితే ముక్కల అడుగులు బయటికి తిరుగుతాయి. ఆవిడ చదువుతుంది. చదవాలనే కదా ఇదంతా. చదివి ఏమంటుందో? అసలేమీ అనకుండా వెళ్లి పొయ్యి వెలిగించుకుంటే? ఇన్నాళ్లూ దాచినందుకు కోప్పడితే? మానిపోయిన పుండును కెలికినట్టవుతుందేమో. కెలకకపోతే మానిందో లేదో ఎలా తెలుస్తుంది?

తలుపు తాళం వేసి, మెట్లు దిగి, బస్సెక్కి, కార్ఖానా గేటు దగ్గర సంతకం పెడుతుండగా చెయ్యి ఆగిపోయింది.

కిటికీ.

తెల్లవారుజామున లైటు వెలుగులో తన నీడే తనకు అడ్డం వస్తోందని కిటికీ రెక్క ఒకటి తెరిచాడు. మళ్లీ వేశాడా? గడియ పెట్టాడా? ఆ గడియ మరలు వదులై రెండేళ్లయింది. రెక్కను కాస్త పైకెత్తి నెడితే గానీ పడదు. ఊళ్లో వాళ్లందరి కిటికీలకూ గడియలు బిగించిన మనిషికి తన ఇంటి గడియ బిగించడానికి తీరిక చిక్కలేదు. ఎత్తి నెట్టినట్టే గుర్తు. కానీ అది నిన్నటి గుర్తో, మొన్నటి గుర్తో. చేతిని అడిగాడు. చెయ్యి ఏమీ చెప్పలేదు.

ఆ రోజు కార్ఖానాలో ఎటు చూసినా కిటికీలే. ఒక బడికి వెళ్లవలసిన నలభై కిటికీలు గోడలకు ఆనించి ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి లారీ ఎక్కాలి. మిషన్ ముందు నిలబడి పట్టీ తరువాత పట్టీ తోస్తున్నాడు. రంపపు పొట్టు కనుబొమల మీద, చెవుల మీద, చొక్కా మడతల్లో పేరుకుంటోంది. మిషన్ ఆగినప్పుడల్లా బయట గాలి వినిపించేది. పెద్ద గాలేం కాదు. రేకులు ఒకసారి కదిలి ఊరుకునేవి. ఆయన మాత్రం రేకు కదిలినప్పుడల్లా పట్టీ వదిలి పైకి చూసేవాడు.

పది గంటలకు ఇక ఉండబట్టలేక, కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడకు ఫోను చేశాడు.

"చెల్లెమ్మా, ఒక్కసారి వీధిలోకి వెళ్లి మా చిన్నగది కిటికీ వేసి ఉందో లేదో చూసి చెప్తావా?"

"అదెంత భాగ్యం అన్నయ్యగారూ." కుట్టుమిషన్ ఆగిన చప్పుడు, చెప్పుల చప్పుడు. "ఆఁ, చూశా. ఒక రెక్క వేసుందండీ. రెండోది... తెరిచినట్టే ఉంది. ఎండ పడి సరిగ్గా కనపళ్లేదు."

"తెరిచుందా? ఎంత తెరిచుంది?"

"బెత్తెడేమో. మూరెడైనా ఉండొచ్చు. మీ ఇంటి తాళంచెవి నా దగ్గరుందిగా, వెళ్లి మూసేసొస్తా ఉండండి."

"వద్దు వద్దు! తలుపు తియ్యొద్దమ్మా! నీకు దణ్ణం పెడతా, పైకి వెళ్లకు!" మిషన్ల దగ్గరున్నవాళ్లు తలతిప్పి చూశారు. తలుపు తీస్తే ఎదురుగాలి లోపలికి లాగుతుంది. లాగితే ఇక చూసుకోనక్కర్లేదు.

"సరే సరే, వెళ్లన్లెండి," అంది ఆవిడ, కొంచెం నొచ్చుకుని. "ఇంట్లో పులినేమైనా కట్టేసుకున్నారా ఏంటి?"

తెలియనంతవరకూ సగం భయం. ఇప్పుడు పూర్తి భయం. మేస్త్రి దగ్గరికి వెళ్లాడు.

"మేస్త్రి గారూ, ఒక్క గంట ఇంటికెళ్లి వచ్చేస్తానండీ."

"ఎవరికన్నా బాగోలేదా?"

"లేదండీ. కిటికీ..."

"ఏ కిటికీ? ఆర్డరుదా?"

"మా ఇంటిదండీ. గడియ వేశానో లేదో."

మేస్త్రి చెడ్డవాడు కాదు. కానీ లారీ నాలుగింటికి వస్తుంది. ఆయన గోడల వైపు చెయ్యి చాపాడు. "నీ కళ్లముందు నలభై కిటికీలున్నాయి. ముందు వీటికి గడియలు పడనియ్యి. తరవాత మీ ఇంటిది చూద్దాం."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నవ్వితే ఎడమ భుజం లోపల ఎక్కడో పట్టేసినట్టయింది. తెల్లవారుజాము నుంచి వంగి కూర్చున్నందుకు అనుకున్నాడు.

మధ్యాహ్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని మూసేశాడు. పాలిష్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బాబాయ్, ముఖం సున్నం కొట్టినట్టుంది. ఈ చెమటలేంటి?"

"పొద్దున్నే లేచా."

"నేనూ లేచా. నాకు పట్టలేదుగా చెమట. డాక్టరు దగ్గరికి పోదాం పద."

"ఇవాళ కాదురా. ఇవాళ ఆరింటికి ఇంట్లో పనుంది. రేపు."

ఆయన చూపు అప్పటికే మళ్లీ రేకుల మీదికి పోయింది. ఆ మనిషికి ఆ పూట తన గుండె గురించి ఆలోచించే తీరిక లేదు. ఉన్న బెంగంతా కిటికీ రెక్కే తీసేసుకుంది.

లారీ నాలుగున్నరకు కదిలింది. ఆయన మిషన్ దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం ఒక ముక్క కోశాడు, రుద్దాడు. పెన్సిలు చెవి మీంచి తీశాడు. ఏం రాయాలి? 'కిటికీ' అనా? 'భయం' అనా? వరసకు మొదట నిలబడవలసింది ఈ ముక్కే. ఆవిడ వేలు పెట్టి తోసేది దీన్నే. రాయకుండానే చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆవిడ అన్నీ చదివాక ఏమంటుందో, ఆ మాటే దీని మీద రాద్దామనుకున్నాడు. ఆ ఆలోచన వచ్చాక కొంచెం ధైర్యం వచ్చింది.

బస్సులో నిలబడే వచ్చాడు. ప్రతి చెట్టు కొమ్మనూ, ఆరేసిన ప్రతి బట్టనూ చూస్తూ వచ్చాడు, గాలి ఎటునుంచి ఎటు వీస్తోందోనని. దిగి, సందు తిరిగి, తలెత్తి చూశాడు. రెక్క తెరిచే ఉంది. బెత్తెడు కాదు, మూరెడు.

మెట్లెక్కుతుంటే మొదటి మలుపు దగ్గరే ఊపిరి ఆడలేదు. గోడ పట్టుకుని నిలబడి, పది లెక్కపెట్టుకుని, మళ్లీ ఎక్కాడు. తాళం తీసి, ముందు వీధి తలుపు మూసి, ఆ తరువాత చిన్నగది తలుపును అంగుళం అంగుళం చొప్పున నెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు.

అన్నీ నిలబడే ఉన్నాయి.

ఒక్కటి కూడా ఒరగలేదు. పొద్దుటినుంచీ గాలి వెనకవైపు గోడకు కొడుతోంది. ఇటు కిటికీలోంచి సాయంత్రపు ఎండ తప్ప ఏమీ రాలేదు. వరస మీద ఆ ఎండ పడి, ప్రతి ముక్క పక్కనా ఒక చిన్న నీడ పడుకుని ఉంది. ఆయనకు నవ్వొచ్చింది. పొద్దంతా పడ్డ భయమంతా గుర్తుకొచ్చి, గుమ్మంలో నిలబడి ఒక్కడే, చప్పుడు కాకుండా, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

గోడ పక్కనున్న జానెడు దారిలో, అడుగు ముందు అడుగు వేసుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లాడు. రెక్కను పైకెత్తి నెట్టి గడియ వేశాడు. రేపు కొత్త మరలు తెచ్చి బిగించాలనుకున్నాడు. వెనక్కి అంత దూరం నడవబుద్ధి కాలేదు. కిటికీ కింద ముక్కాలిపీట ఉంది. దాని మీద కూర్చుని, గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఆరు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆవిడ మాట తప్పే మనిషి కాదు.

ఆవిడ ఆరుంబావుకు వచ్చింది. వస్తూనే గుమ్మం దగ్గర ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"బస్సు దొరకలేదండీ. పరుగున వచ్చా. ఏదీ, ఎక్కడ తొయ్యాలి?"

కిటికీ కింద ఆయన తల ఒక పక్కకు వాల్చి కూర్చుని ఉన్నాడు.

"బాగుంది వరస! నన్ను రమ్మని మీరు నిద్రపోతున్నారా? లేవండి."

ఎనిమిది నెలల్లో ఆవిడ ఆ దారిలో ఎప్పుడూ నడవలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, గోడకు వీపు రాసుకుంటూ, ఒక్క ముక్కకూ తగలకుండా ఆయన దగ్గరికి వెళ్లింది. భుజం మీద చెయ్యి వేసింది. ఆ తరువాత చాలాసేపు ఆవిడ అక్కడే, ఆయన పక్కన, కింద కూర్చుని ఉంది. కేక వేయలేదు. ఎక్కడ పడిపోతాయోనని.

కింది వాటా ఆవిడ వచ్చింది, డాక్టరు వచ్చి వెళ్లాడు. కబురందుకుని మేస్త్రీ, పాలిష్, ఇంకో ఇద్దరూ వచ్చారు. నలుగురూ గుమ్మంలో నిలబడి గది చూశారు. ఇన్నేళ్లు నవ్వారు గానీ, ఎప్పుడూ కళ్లతో చూడలేదు. ఫలానా ముక్క ఫలానా తలుపుదని, తాము డబ్బాలో వేసిందేనని ఎవరికి వారు గుర్తుపట్టారు.

"పిన్నీ, ఈ ముక్కల్ని ఓ పక్కకి జరిపేద్దామా?" అన్నాడు పాలిష్, మెల్లగా.

"ఒక్కటి కూడా పడకూడదు బాబూ," అంది ఆవిడ.

నలుగురూ చెప్పులు వదిలారు. ఆయన్ని భుజాల ఎత్తుకు లేపి, గోడవారనే, ఒకరి అడుగులో ఒకరు అడుగు వేసుకుంటూ, పాదం పెట్టేముందు కిందికి చూసుకుంటూ తీసుకొచ్చారు. బరువైన తలుపులు ఇరుకు సందుల్లో మోసి అలవాటైనవాళ్లు. మేస్త్రి ముందు నడుస్తూ, "కుడికి... ఆగు... ఇప్పుడు రా," అంటున్నాడు. పదిహేను వందల పైచిలుకులో ఒక్కటీ కదల్లేదు.

మరదలు సామాను వారం రోజులు హాల్లోనే ఉండిపోయింది. "అక్కా, నేనిక్కడే పడుకుంటాలే," అని ఆమె చాప పరుచుకునేది. గది తలుపు మూసే ఉండేది.

మళ్లీ శనివారం వచ్చింది. సాయంత్రం ఆరింటికి ఆవిడ గది తలుపు తీసింది. ఆయన చొక్కా జేబులో దొరికిన ముక్కను వరస మొదట, అందరికంటే ముందు, రెండుమూడుసార్లు సరిచేసి నిలబెట్టింది. చెల్లెలు గుమ్మం బయట నిలబడింది. ఆవిడ వేలు పెట్టి తోసింది.

టకటకటకమంటూ మొదలైన చప్పుడు గోడవార వెళ్లి, మెలిక తిరిగి, మళ్లీ దగ్గరకొచ్చి, దూరమై, గదంతా నిండి, కిటికీ కింద ఠక్కున ఆగింది. ఎక్కడా తెగలేదు. ఇన్నేళ్లు ఆదివారం పూట ఆయన ఒక్కడే గదిలో ఏం వింటూ కూర్చునేవాడో ఆవిడకు అప్పుడు తెలిసింది.

వాలిన ముక్కల అడుగుల మీద ఏవో పెన్సిలు గీతలు కనిపించాయి. కొలతలనుకుంది. కళ్లజోడు పెట్టుకుని వంగింది.

'మరదలొస్తోంది.' 'ఆయాసం.' 'ఆయాసం.' 'గడియ బిగించాలి.' 'ఆవిడ నవ్వింది.' 'వాన.' 'మెట్లు.'

ఆయన దుప్పటి మోకాళ్ల కింద వేసుకుని, ఏళ్లు వెనక్కి చదువుకుంటూ జరిగింది. ఆయాసం అన్న చోట కోపం వచ్చింది, ముంచుకొచ్చే కోపం. ఎదురుగా ఉంటే అరిచేసేది. ఆవిడ నవ్వింది అన్న మాట వరసలో ముప్పైసార్లు పైనే ఉంది. చదువుతూ చదువుతూ కిటికీకి దగ్గరగా వచ్చేసరికి నాలుగు ముక్కల మీద ఏమీ లేదు. మరిచిపోయాడేమో అనుకుంది. అయిదోది చదివింది.

చెల్లెలు లోపలికి వచ్చి పక్కన కూర్చుంది. ఇరవై ఆరేళ్లుగా రాని ఏడుపు ఆ పూట వచ్చింది. పాపది, ఆయనది కలిసి ఒకేసారి వచ్చింది. చెల్లెలు వీపు నిమిరింది.

గాలి మొదలై కిటికీ రెక్క కొట్టుకోసాగింది. గడియ మళ్లీ జారింది. ఆవిడ లేచి, మొదట పడిన ముక్కను తీసుకుంది. దాని అడుగున ఏమీ రాసిలేదు. ముక్కాలిపీట మీదున్న ఆయన వడ్రంగి పెన్సిలు తీసుకుని ఒక్క మాట రాసింది: 'చదివాను.' రెక్కను ఆయన చేసినట్టే పైకెత్తి నెట్టి, చట్రం సందులో ఆ ముక్కను బిగించింది. గాలి వచ్చినప్పుడల్లా రెక్క కదలబోయి, ఆ రెండంగుళాల బీడింగు ముక్కకు తగిలి ఆగిపోతోంది.